భాషకు పొలిమేర యెక్కడ?

క్రీ.శ. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పు సుల్తాను బారామహలు సీమను తూర్పు ఇండియా కంపెనీకి వదలుకొనిన పిమ్మట, ఆ సీమకు శిస్తు కట్టుటకై కెప్టెన్ అలెగ్జాండర్ రీడుతో కూడ వచ్చిన పడుచు సైనికోద్యోగులలో థామస్ మన్రో యొకడు. రాయలసీమవారు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనునంతగా అభిమానించిన ఆ మన్రో, దత్తమండలములకు కలెక్టరై వచ్చుటకు ముందు, 1799 వరకును ఈ సీమలోనే యుండి, నేటి తమిళనాటి ధర్మపురిని నివాసము చేసికొని, ఏ గట్టునకు ఈవల ఎవ్వని భూమియో, ఆవల ఎవ్వని భూమియో, దానికెంత శిస్తు న్యాయమో కొలిపించి వ్రాయించుచు పని నేర్చెను. రైత్వారీ పద్ధతికి తొలిపాఠము ఇచ్చటిది. నేల కొలతకు లొంగును. చేనికి గట్టు కలదు, ఊరికి పొలిమేర కలదు. కాని ఆ గట్లమీద నిలిచి తమ చేల సంగతి విన్నవించుకొనిన రైతులలో ఒకడు తమిళమున, ఒకడు తెలుగున, ఒకడు కన్నడమున మాటలాడియుండును. ఆ మాటలకు గొలుసు పట్టి హద్దురాయి నాటుట మన్రోకే కాదు, ఆయన తరువాత నూటయేబదియేండ్లకు వచ్చిన సంఘములకును సులభము కాలేదు.

ధర్మపురి ఎవరిది అని యడిగినచో చరిత్ర ఒక్క సమాధానము చెప్పదు. తమిళ సంగమకాలమున ఇది తగడూరు. అవ్వైయారునకు ఉసిరికపండు నొసంగెనని చెప్పుకొను అదియమాన్ వంశీయుల రాజధాని. తొమ్మిదవ శతాబ్దమున దీని నేలిన నొళంబ పల్లవుల మూలస్థానము మన మడకశిర ప్రాంతపు హేమావతి. వారి కన్నడ శాసనములు ఈ యూర దొరకినవి. పిదప చోళులు, హొయసలులు, విజయనగరమువారు, మైసూరువారు ఏలిరి. కావేరి దుమికెడి చోటికి హొగెనకల్లు అను పేరు కన్నడము. హొగె యనగా పొగ, కల్లు అనగా రాయి. ఉత్తరముగా కృష్ణగిరి దాటి హోసూరు చేరునప్పటికి తెలుగు, కన్నడములు ఇంటిభాషలుగా నిండియున్న పల్లెలు వరుసగా కనబడును. ధర్మపురి బస్సుస్టాండులో ఒక బల్లమీద అరగంట కూర్చున్నవానికి మూడు భాషలు చెవిని పడుట వింత కాదు. ఒకే మనిషి కండక్టరుతో ఒక భాషయు, భార్యతో ఒక భాషయు, బేరము కుదుర్చుకొనునప్పుడు మరియొక భాషయు పలుకుట గూడ వింత కాదు. ఇట్టివానిని ఏ జాతిలో చేర్తుము? అతని ‘స్వయంనిర్ణయము’ ఏ భాషలో జరుగవలెను?

ఈ ప్రశ్న ధర్మపురిది మాత్రమే కాదు. ఇరువదవ శతాబ్దపు రాజనీతిలో అత్యంత ప్రియమైనదియు, అత్యంత ప్రమాదకరమైనదియు నగు ఒక సూత్రమునకు గుండెలోని ప్రశ్న యిది. ప్రతి జాతికిని తన రాజకీయభవితవ్యమును తానే నిర్ణయించుకొను హక్కు కలదను మాటను మొదటి ప్రపంచయుద్ధకాలమున ఒకవంక లెనిన్, మరియొకవంక అమెరికా అధ్యక్షుడు విల్సన్ లోకమునకు చాటిరి. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టరులో అది చోటు చేసికొనెను. 1966 నాటి రెండు అంతర్జాతీయ ఒడంబడికలకును మొదటి అధికరణమే యది. పరుల యేలుబడిలో నలిగిన ఆసియా, ఆఫ్రికా ప్రజలకు అది సంజీవని యైనది. మన స్వాతంత్ర్యమునకు ప్రాణము గూడ ఆ న్యాయమే. అయినను విల్సన్ మంత్రియైన రాబర్ట్ లాన్సింగు, ఈ మాటలో మందుగుండు కూరియున్నదనియు, నెరవేరని ఆశలు రేపి వేలమంది ప్రాణములు బలిగొననున్నదనియు 1918 చివర తన దినచర్యలో వ్రాసికొనెను. సింహళమున విశ్వవిద్యాలయము నడపి, ఆ దేశ రాజ్యాంగరచనకు సాయపడిన ఐవర్ జెన్నింగ్సు చెప్పిన చిక్కు మరియును సూక్ష్మము: ప్రజలే నిర్ణయింపవలెనన్నచో ఆ ప్రజలెవరో ముందుగా మరియొకడు నిర్ణయింపవలెను గదా!

హింస పుట్టునది ఆ సందులోనే. రెండు భాషలో, రెండు మతములో కలియుట పాపమగుటచేత నెత్తురు పారదు. కలిసియున్న చోట గీత గీయబడనున్నదను వార్త పుట్టుటచేత పారును. గీత ఎచ్చట పడునో తెలియదు. పడిన తరువాత ఈవలివాడు ఆవల ఏమగునో తెలియదు. లెక్కలో ఎక్కువగా తేలినవారిదే ఊరు అని మాత్రము తెలియును. అప్పుడు జనాభాలెక్క పుస్తకము గూడ ఆయుధమగును. లెక్కను మార్చుటకు మనుష్యులను తరుముటయో చంపుటయో కొందరికి ఉపాయముగా తోచును. 1923లో గ్రీసు, టర్కీదేశములు ఈ చిక్కును ప్రజల నిచ్చిపుచ్చుకొని తీర్చుకొనదలచి సుమారు 15 లక్షలమందిని ఇల్లు విడిపించినవి. ఆ మార్పిడికి కొలబద్ద మతమగుటచే, టర్కీభాష తప్ప వేరెరుగని క్రైస్తవులు గ్రీసుకును, గ్రీకుభాష మాటలాడు క్రీటు ద్వీపపు ముస్లిములు టర్కీకిని పోయి, తమ ‘స్వజాతి’ నడుమ నోరులేనివారై నిలిచిరి. 1947లో పంజాబు, వంగదేశముల సరిహద్దు స్వాతంత్ర్యము వచ్చిన రెండు దినములకు, ఆగస్టు 17న, ప్రకటింపబడెను. తామే దేశమున నున్నారో యెరుగకయే పండుగ చేసికొనిన గ్రామములుండెను. కోటికి పైగా జనము ఇల్లు వాకిలి విడిచిరి.

ఆ విభజన కథలో ఈ సీమవాడొకడు నిలిచియున్నాడు. హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారి, కాంగ్రెసు మహానాయకులలో ముస్లింలీగు ప్రత్యేకదేశపు కోరికను తర్కమునకు పెట్టి చూడవలెనని మొదట పట్టుబట్టినవాడు. 1942 ఏప్రిలులో మద్రాసు శాసనసభ్యులచే అట్టి తీర్మానము చేయించి, అఖిలభారత కాంగ్రెసు సంఘము దానిని త్రోసిపుచ్చగా, ఆయన తన సహచరులకే దూరమయ్యెను. 1944లో ఆయన పేర వెలువడిన సూత్రమును మన పాఠకులు మరల చదువదగును. లీగు స్వాతంత్ర్యకాంక్షను సమర్థింపవలెను; యుద్ధానంతరము వాయవ్యమునను తూర్పునను ముస్లిములు నిశ్చయాధిక్యముగా నున్న ఒండొంటినంటిన జిల్లాలను ఒక సంఘము గుర్తింపవలెను; ఆ జిల్లాలలోని ముస్లిములు మాత్రమే కాక సర్వజనులును ఓటువేసి విడిపోవుటనో కలిసియుండుటనో తేల్చుకొనవలెను; అంచులనున్న జిల్లాలకు ఏ పక్షమునైనను చేరు స్వేచ్ఛ యుండవలెను; విడిపోయినను రక్షణ, వాణిజ్యము, రాకపోకల విషయమున ఒప్పందములుండవలెను; ప్రజల తరలింపు పూర్తిగా ఐచ్ఛికము కావలెను. ఆ సెప్టెంబరులో గాంధీజీ ఈ ప్రాతిపదికపైనే జిన్నాతో బొంబాయిలో చర్చించెను. జిన్నా ఒప్పలేదు, అన్యమతస్థులకు గూడ ఓటుండుట ఆయనకు మింగుడుపడలేదు.

ఆ సూత్రమున నాకు కనబడునది మూడు భాషల అంచున పుట్టినవాని బుద్ధి. గీత గీయుట తప్పదేని దానిని ఎంత పలుచగా గీయవచ్చునో, అంచుననున్నవాని మాట ఎట్లు వినవచ్చునో, ఎవ్వనిని ఇల్లు విడువుమనకుండ ఎట్లు నడపవచ్చునో ఆయన ఆలోచించెను. మూడేండ్లకు వచ్చిన విభజనలో ఆ మూడింటిలో ఒక్కటియు నిలువలేదు.

విధివిచిత్రమేమనగా, అదే రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు తెలుగువారి స్వయంనిర్ణయప్రశ్న ఆయన వాకిటనే నిలిచెను. అంతకుముందే, 1948లో ధార్ సంఘము భాషారాష్ట్రములు తగవనెను. 1949లో జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి చేరిన సంఘము, మద్రాసు నగరముపై పట్టు విడిచినచో ఆంధ్రరాష్ట్రమునకు అభ్యంతరము లేదనెను. పట్టు విడుచుటకు మనవారు సిద్ధముగా లేరు; ‘మదరాసు మనదే’ యను కేక ఆనాటి గోడలమీదను గొంతులలోను నుండెను. 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట నిరశనకు కూర్చున్న పొట్టి శ్రీరాములు డిసెంబరు 15 రాత్రి కన్నుమూసెను. ఆ మరణవార్తతో ఆంధ్రజిల్లాలలో ప్రజాగ్రహము కట్టలు తెంచుకొని, రైళ్లు నిలిచి, స్టేషనులు దగ్ధమై, పోలీసు కాల్పులలో పలువురు నేలకొరిగిరి. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్రరాష్ట్రమును ప్రకటించెను. 1953 అక్టోబరు 1న అది కర్నూలు రాజధానిగా అవతరించెను, మద్రాసు లేకుండ. ఆ త్యాగము తలచినప్పుడెల్ల మనసు వంగును. కాని ఆ నాలుగు దినములలో కాల్పులకు గురియైన అనామకుల నెవరు తలచుదురని గూడ బాధ కలుగును. ప్రభుత్వము ఏబదియెనిమిది దినములు వినని మాటను మంటలు లేచిన నాలుగు దినములలో వినెను; ఇట్టి పాఠము ప్రజలకు నేర్పిన ప్రభుత్వము తరువాతి మంటలకు గూడ కొంత పూచీ వహింపవలసియుండును.

ఇక అంచుల సంగతి. ఫజల్ ఆలీ, కుంజ్రూ, పణిక్కరులతో కూడిన రాష్ట్రపునర్వ్యవస్థీకరణ సంఘము 1955 సెప్టెంబరులో నివేదిక నిచ్చినప్పుడు, భాష యొక్కటియే గీటురాయి కాదనియు, అల్పసంఖ్యాక భాషలవారికి రక్షణలు లేనిదే ఏ గీతయు న్యాయము కాదనియు స్పష్టముగా చెప్పెను. తెలుగువారును కన్నడిగులును దట్టముగా నున్న హోసూరు తాలూకా, ఎన్ని వాదములు లేచినను, సేలము జిల్లాలో, మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. అటుపైన తిరుత్తణి ఉద్యమము లేచెను, మ.పొ. శివజ్ఞానము నాయకత్వమున తమిళులు ఉత్తరపు సరిహద్దు కొరకు పోరాడగా, ఈ తగవును తీర్చుటకు హెచ్.వి. పాటస్కరును మధ్యవర్తిగా నిలిపిరి. ఆయన పట్టిన పద్ధతి చూడదగినది: తాలూకాను కాక గ్రామమును ప్రమాణముగా గొనెను, గ్రామములు ఒండొంటినంటియుండవలె ననెను, ఏ భాషవా రెక్కువయో చూచెను. ఫలితముగా 1960 ఏప్రిలు 1న తిరుత్తణి తమిళులకు, సత్యవేడు ఆంధ్రులకు దక్కెను. సేలము జిల్లానుండి గూడ కొన్ని యూళ్లు మనవైపు చేరినవి. ఇరుపక్షములకును పూర్తితృప్తి కలుగలేదు. కాని ఎవ్వరును ఎద్దుబండిమీద సామాను వేసికొని పారిపోలేదు.

ఎందుచేత? ఇది నేను చాలకాలము ఆలోచించిన ప్రశ్న. దక్షిణాదివారు సాధుస్వభావులని చెప్పుకొనుట నిజము కాదు. 1952 డిసెంబరును మరచినవారే అట్లనగలరు. కారణము గీత పలుచదగుట. తిరుత్తణి తమిళనాట చేరినంతమాత్రమున అచ్చటి తెలుగువాడు పౌరసత్వము పోగొట్టుకొనలేదు. అతని పట్టా చెల్లెను. బిడ్డనిచ్చిన ఊరికి పోవుటకు అనుమతిపత్రము అక్కరలేదు. అన్యాయము జరిగినచో ఇరువైపులవారికిని ఒకే సర్వోన్నత న్యాయస్థానము, ఒకే రాజ్యాంగపు 29, 30 అధికరణములు. 1956లో చేరిన 350-ఎ అధికరణము ప్రాథమికపాఠశాలలో మాతృభాషకు చోటు కల్పింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఓడినవాడు సర్వమును ఓడలేదు. అదే 1956లో, జెన్నింగ్సు తోడ్పడిన రాజ్యాంగము గల సింహళము, సింహళభాష యొక్కటే అధికారభాషయను చట్టము చేసెను. మరుసటియేట ప్రధాని బండారనాయకుడును, తమిళనాయకుడు చెల్వనాయకమును చేసికొనిన ఒప్పందము ప్రాదేశికసంఘములతో సరిపెట్టుటకు చూచినది. 1958లో అది చింపివేయబడెను, ఆ వేసవిలోనే అల్లర్లు చెలరేగెను. ఓటుతో గాని ఒప్పందముతో గాని భాషను కాపాడుకొనజాలమని తేలిన పిదప, 1976లో వడ్డుకోడై తీర్మానము ప్రత్యేకరాజ్యము కోరెను; 1983 జూలై మారణకాండ, ఆపై 2009 వరకు యుద్ధము. ఆ యుద్ధము తరిమిన తమిళుల శిబిరములు తమిళనాట పలుచోట్ల నేటికిని కలవు. స్వయంనిర్ణయము కోరినందున సింహళము కాలెననుట తలక్రిందుల మాట. లోపలి హక్కు నిరాకరింపబడినందున వెలికిపోవు కోరిక పుట్టెను.

న్యాయశాస్త్రజ్ఞులు గూడ నెమ్మదిగా ఈ భేదమునకే వచ్చిరి. 1998లో కెనడా సర్వోన్నత న్యాయస్థానము, క్విబెక్కు తనంతట తాను విడిపోవచ్చునా యని యడుగబడినప్పుడు, దేశములోపలనే తన పాలన, తన భాష, తన సంస్కృతి నడపుకొనుట ఒక హక్కనియు, ఏకపక్షముగా వేరుపడుట పరపాలనవంటి అసాధారణపరిస్థితులకు పరిమితమనియు వివరించెను. నానాజాతిసమితి 1921లోనే ఆలండ్ ద్వీపముల విషయమున ఇట్లే చేసెను: స్వీడిషు మాటలాడు ఆ ద్వీపవాసులు స్వీడనులో కలియ గోరినను, ఫిన్లండులోనే యుంచి, భాషకును భూమికిని స్వపాలనకును గట్టి పూచీ యిప్పించెను, ఆ తగవుమీద అచ్చట నెత్తురు పారలేదు. మన తీరు వేరు. 1962లో అన్నాదురై రాజ్యసభలో ద్రావిడనాడునకు స్వయంనిర్ణయాధికారము కోరెను. ఆ నాడులో తెలుగువారినిగూడ చేర్చుకొనిరి గాని తెలుగువారిని అడిగినవారు లేరు, అడిగిన మనము ఒప్పియుండము. చైనాయుద్ధమును, 1963 నాటి పదునారవ రాజ్యాంగసవరణమును వచ్చిన పిదప ఆ కోరిక విడువబడెను; నాలుగేండ్లకు ఆయన పక్షము ఓట్లతో ప్రభుత్వమెక్కెను. 1979లో భారతదేశము ఆ 1966 నాటి ఒడంబడికలలో చేరుచు, స్వయంనిర్ణయము పరపాలనలోని ప్రజలకేగాని స్వతంత్రదేశములోని యొక భాగమునకు వర్తింపదని వ్రాసిపెట్టెను. అట్లు వ్రాసినవారికి లోపలి హక్కులను మరింత జాగ్రత్తగా కాపాడు ఋణము మిగిలియున్నదని నా నమ్మకము.

పలుచని గీత ఎల్లకాలము పలుచగా నుండునని గాదు. కావేరి జలవివాదమున ట్రైబ్యునలు మధ్యంతర ఉత్తర్వు 1991 డిసెంబరులో గెజెటులో వెలువడినంతనే బెంగుళూరున తమిళకూలీల వాడలపై దాడులు జరిగి, వేలాది కుటుంబములు అత్తిబెలె దాటి హోసూరు, కృష్ణగిరి, ధర్మపురుల మీదుగా తరలివచ్చినవి. 2008లో, నేలనీటి ఫ్లోరైడుచే పండ్లు గారపట్టి ఎముకలు వంగిన ధర్మపురి, కృష్ణగిరి పల్లెలకు హొగెనకల్లునుండి త్రాగునీరు తెచ్చు పథకము గూడ భాషాపౌరుషముల నడుమ చిక్కెను. కర్ణాటకలో ఎన్నికలు ముగియువరకు దానిని ఆపి, తరువాత జపాను ఋణముతో పూర్తి చేయగా, 2013లో నీరు పారెను. దప్పిగొన్న పిల్లవానికి నీరు ఏ భాషదో పట్టునా!

మరియొక సంగతి చెప్పకున్న ఈ వ్యాసము అసత్యమగును. ధర్మపురి పేరు ఇటీవలి కాలమున దేశమంతట మంటలతో వినబడినది భాషవలన గాదు. 2012 నవంబరు 7న, కులాంతరవివాహ మొకటి సాకుగా, నాయక్కన్‌కొట్టాయ్ చెంతనున్న నత్తము, అణ్ణానగరు, కొండంపట్టి దళితవాడలలో రెండువందలకు పైగా ఇళ్లు దోచి కాల్చబడెను. కాల్చినవారును కాలినవారును ఒకే భాషవారు, ఒకే రాష్ట్రమువారు, ఒకే దేవతలకు మ్రొక్కువారు. జాతికి స్వయంనిర్ణయము లభించినంతమాత్రమున ఆ జాతిలోని బలహీనునకు ఇంటికప్పు నిలుచునని ఎవ్వరును హామీ యీయలేరు. ‘మా వారు’ అను మాట నోటికి వచ్చినప్పుడెల్ల, ఆ మాటలో ఊరి చివరివాడ చేరినదా లేదా యని నేను వెదకుదును.

ఇక హోసూరు పాఠశాలలకు వత్తము. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన తమిళబోధనచట్టము, ఒకటవ తరగతితో మొదలై ఏటేట పైకెక్కి, పదవతరగతి పరీక్షలో తమిళమును అందరికి నిర్బంధము చేసెను. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ మాధ్యమముల పిల్లలు తమ భాషలోనే ఆ పరీక్ష వ్రాయుటకు తల్లిదండ్రులును భాషాల్పసంఖ్యాకుల సంఘములును ఉన్నత న్యాయస్థానము మెట్లెక్కి, సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయి, తాత్కాలికపు మినహాయింపులు తెచ్చుకొనవలసివచ్చెను. తమిళనాట బ్రతుకువాడు తమిళము నేర్వవలసినదే. ఆ సీమ తెలుగువారు మన్రోనాటికే దానిని నేర్చియున్నారు. ఇంటిభాషను పరీక్షనుండి తీసివేయుట వేరు సంగతి. మన తెలుగు పత్రికలు దీనిని అన్యాయమని వ్రాసినవి, సరియే. అయితే 2018లో తెలంగాణము గూడ అన్ని పాఠశాలలలోను పదవతరగతి వరకు తెలుగు నిర్బంధమని చట్టము చేసెను. హోసూరు తెలుగుపిల్ల కొరకు మనము చెప్పిన న్యాయమును, పాతబస్తీలోని ఉర్దూపిల్లవానికిని, ఆదిలాబాదు అంచుల మరాఠీపిల్లవానికిని, పాటస్కరు గీత ఈవల నిలిచిపోయిన సత్యవేడు తమిళపిల్లవానికిని మన నోట మనమే చెప్పవలసియున్నది. ఆ బడులలో ఏడాది ఎన్నడు మొదలయినది, వారి భాషాపుస్తకము ఎన్నడు అందినది, ఆ భాష చెప్పు పంతులు ఉన్నాడా, అతడు పదవీవిరమణ చేయగా ఆ కొలువు ఖాళీగా నున్నదా: ఈ లెక్కను అడిగి తెప్పించుట కష్టమైన పని కాదు. వేసవి ముగియులోపల ఇరు తెలుగురాష్ట్రముల విద్యాశాఖలను ఎవరైన ఈ ప్రశ్న అడిగి, సమాధానము వచ్చువరకు విడువకుందురుగాక.